అమ్మ వేలిని గుర్తుపట్టని యంత్రం దొంగకు డబ్బు ఎలా ఇచ్చింది?

ఉద్దానం అమ్మాయి

కొంచెం పొడవుగానే రాస్తున్నాను. సగం చెప్పి అడిగితే "ముందు ఇది చెప్పండి, అది చెప్పండి" అంటూ నాలుగు రోజులు నడుస్తుంది. నాకు అంత ఓపిక మిగల్లేదు.

మాది పలాస దగ్గర పల్లె. నేను శ్రీకాకుళంలో ఒక ఇనుము, సిమెంటు కొట్టులో లెక్కలు రాస్తాను. అమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. ఇరవై రెండేళ్లు కాశీబుగ్గలో జీడి పిక్కలు కొట్టింది. ఆ పని చూడనివాళ్లకు చెబుతున్నాను: పిక్క డొల్లలో ఒక నూనె ఉంటుంది, చర్మానికి తగిలితే కాలుస్తుంది. చేతులకు బూడిద పూసుకుని కూర్చున్నా కొన్నేళ్లకు వేళ్ల కొసలు నల్లబడి, పొరలు లేచి, గీతలు చెరిగిపోతాయి. అమ్మ బొటనవేలు చేతులు మారి మారి అరిగిపోయిన పాత అణాబిళ్లలా ఉంటుంది. బిళ్ల ఉంది, దాని మీద రాజు లేడు.

ప్రతి నెలా ఒకటో తారీకున మా ఇంట్లో ఒక తంతు జరుగుతుంది. గ్రామ సచివాలయం అమ్మాయి పొద్దున్నే పింఛను రూ.4,000 పట్టుకుని వస్తుంది. అప్పటికే అమ్మ సబ్బుతో చేతులు తోముకుని, కొంగుకు తుడుచుకుని, అరుగు మీద సిద్ధంగా ఉంటుంది. బొటనవేలు పెడితే ఎర్ర దీపం. చూపుడువేలు పెడితే ఎర్ర దీపం. కాస్త కొబ్బరినూనె రాసి మళ్లీ పెడితే ఒక్కోసారి పడుతుంది, ఎక్కువసార్లు పడదు. చివరికి ముఖం ఫొటోతో ఎలాగో గట్టెక్కిస్తుంది ఆ అమ్మాయి. ఎదురింటి కోడలు "నువ్వు నువ్వు కావంటోంది అత్తా ఆ మిషను" అని నవ్వుతుంది. అమ్మ కూడా నవ్వుతుంది.

ఇక అసలు సంగతి. పింఛను చేతికే వస్తుంది కాబట్టి బ్యాంకు ఖాతాతో అమ్మకు పెద్దగా పని లేదు. ఉపాధి హామీ కూలి, నేను నెలనెలా వేసే డబ్బు అందులో పడి ఉంటాయి. కంటి ఆపరేషనుకని కూడబెడుతున్నాం. పోయిన వారం పాసుపుస్తకంలో ఎంట్రీలు వేయిస్తే మూడుసార్లు ఆధార్ ద్వారా, అంటే ఆధార్ నంబరు, వేలిముద్రతో, నగదు తీసినట్టు ఉంది. వరుసగా రెండు రోజులు రూ.10,000 చొప్పున, మళ్లీ నాలుగు రోజులకు రూ.6,500. మొత్తం రూ.26,500. చివరిది తీసి అప్పటికే పంతొమ్మిది రోజులైంది. అమ్మ ఆ మధ్య బ్యాంకుకు గాని, ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గరకు గాని వెళ్లనే లేదు. ఫోనుకు సందేశాలు ఎందుకు రాలేదంటే, ఖాతాకూ ఆధార్‌కూ ఇచ్చి ఉన్నది నాన్న నంబరు. నాన్న పోయి మూడేళ్లు. రీఛార్జి లేక ఆ నంబరూ ఎప్పుడో ఆగిపోయింది. మార్పించకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

శాఖలో అడిగితే "వేలిముద్ర లేకుండా డబ్బు రాదమ్మా, మీ అమ్మగారే తీసి మరచిపోయి ఉంటారు" అన్నారు. నెలనెలా ప్రభుత్వ యంత్రం ముందు తాను తానేనని రుజువు చేసుకోలేని మనిషి, వారం తిరగకుండా మూడుసార్లు రుజువు చేసుకుని, పాతిక వేల పైచిలుకు తీసుకుని మరచిపోయిందట!

నేను అడిగేది ఇది. అసలు ఎలా జరిగి ఉంటుంది? ఆ డబ్బు తిరిగి వచ్చే దారి ఉందా, పంతొమ్మిది రోజులు దాటాయి కాబట్టి అడిగే హక్కే పోయిందా? ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చంటున్నారు. వేస్తే ఒకటో తారీకు పింఛను ఆగిపోతుందా? ఒక్క నెల ఆగినా అమ్మ నన్ను క్షమించదు. డబ్బు కోసం కాదు, ఊళ్లో "ఆవిడకు పింఛను తీసేశారు" అనుకుంటారని.

ఇంకొక మాట. మా బావది ఒక పార్టీ, చిన్నాన్నది ఇంకో పార్టీ. ఈ సంగతి చెప్పిన రాత్రి వాలంటీర్లు ఉంటే ఇలా జరిగేదా అని ఒకరు, వాలంటీర్ల వల్లే వివరాలన్నీ బయటికి పోయాయని ఒకరు, పదకొండు దాకా పోట్లాడుకున్నారు. అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. పోయిన డబ్బు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇక్కడికి వచ్చాను.

చీపురుపల్లి కుర్రాడు

రిజిస్ట్రేషన్ కాగితాల నుంచి వేలిముద్రలు లేపి ఉంటారు అక్కా. మీ అమ్మగారు ఎప్పుడైనా పొలం కొన్నారా, అమ్మారా? 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి సరిగ్గా ఇదే చేసి పట్టుబడ్డాడు. భూమి దస్తావేజుల నకళ్లు ఆన్‌లైన్లో దింపుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి, తనకు ఏ సంబంధమూ లేని మనుషుల పేర సిమ్‌లు తెరిచాడు. డబ్బు తీయడానికీ అదే పద్ధతి. ఆధార్ నంబరు, వేలిముద్ర ఒకే కాగితం మీద దొరికితే మిగిలింది ఏ బ్యాంకో తెలియడమే. అది ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఓటీపీ అడగదు, పిన్ను అడగదు.

మీరు ముందు తాళం వేసేయండి. పింఛను సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఉద్దానం అమ్మాయి

మాకు పొలం లేదు తమ్ముడూ. ఉన్న ఇల్లు ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలంలోది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు అమ్మ ఎన్నడూ ఎక్కలేదు. పింఛను సంగతి తర్వాత చూడడం మా ఇంట్లో కుదరదు, చెప్పాను కదా.

బొబ్బిలి బ్యాంకు మిత్ర

నేను తొమ్మిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. కాబట్టి మా వాళ్ల మీదే చెబుతున్నానని ఎవరూ అనుకోకండి, తెలిసింది చెబుతున్నాను.

అమ్మా, ముందు మీ అమ్మగారిని ఒక ప్రశ్న అడగండి. ఆ మూడు తేదీల్లో ఎక్కడైనా, దేనికైనా వేలు పెట్టారా అని. బ్యాంకు పనికి అని అడగకండి, అలా అడిగితే లేదంటారు. రేషన్ కార్డు, గ్యాసు, సిమ్ కార్డు, ఉచిత కళ్లజోడు, ఏదైనా సరే. ఎందుకంటే రబ్బరు వేళ్ల కథలు పేపర్లలో పెద్దగా పడతాయి గాని, నా కళ్లతో చూసిన మోసాలు అంత కష్టపడి చేసినవి కావు.

మీరు ఎర్ర దీపం అని రాశారు. చాలా యంత్రాల్లో ఆ దీపం వేలు తప్పని చెప్పడానికి వెలగదు. వేలు పెట్టమని, చూస్తున్నానని వెలుగుతుంది. పడిందో లేదో చెప్పేది దానికి తగిలించిన ఫోను. ఆ ఫోను తెర ఎప్పుడూ నా వైపే ఉంటుంది. ఎదుట కూర్చున్న ముసలమ్మ చూసేది తెరను కాదు, నా ముఖాన్ని. నేను తల ఊపితే పడినట్టు, పెదవి విరిస్తే పడనట్టు. ఇన్నేళ్లలో "ఏదీ, చూపించు" అన్నవాళ్లు నాకు పది మంది కూడా తగల్లేదు.

మోసగాడు చేసేది ఇంతే. తీయవలసిన మొత్తం ముందే కొట్టి పెట్టుకుంటాడు. వేలు పెట్టిస్తాడు. పడుతుంది. అప్పుడు ముఖం చిట్లించి "పడలేదమ్మా, సర్వరు పనిచేయడం లేదు, రేపు మళ్లీ చూద్దాం" అంటాడు. ఇంకొక రకం ఉంది. రూ.2,000 తీసుకోవడానికి వచ్చినవాళ్ల చేత రెండుసార్లు వేలు పెట్టిస్తాడు. మొదటిది తన జేబులోకి, రెండోది వాళ్ల చేతికి. ఒక్కో లావాదేవీకి పది వేలే గరిష్ఠం. మీ పాసుపుస్తకంలో పది, పది అని పడింది అందుకే.

ఇలాంటివాళ్లను ఏరేయడానికి రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి, వేలిముద్రతో డబ్బిచ్చేవాళ్ల వివరాలను బ్యాంకులు ముందే తనిఖీ చేసి చేర్చుకోవాలి. మూడు నెలలు వరుసగా లావాదేవీ లేకపోతే మళ్లీ తనిఖీ చేశాకే పని చేయనివ్వాలి. మాలో కొందరు గొణిగారు. నాకైతే ఈ పని ఎప్పుడో జరగవలసింది అనిపించింది. ఒకడు చేసిన పనికి సంతలో నా ముఖం కూడా అనుమానంగా చూస్తున్నారు.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి మంచి దారి ఒకటి ఉంది. ఆధార్ వెబ్‌సైటులో ధ్రువీకరణల చరిత్ర చూపిస్తుంది. గడచిన ఆరు నెలల్లోవి, యాభై దాకా. ఏ తేదీ, ఏ సమయం, వేలా ముఖమా ఓటీపీనా, అడిగిన సంస్థ ఏది, ఫలితం ఏమిటి, అన్నీ ఉంటాయి. చూడాలంటే ఓటీపీ రావాలి. కాబట్టి ముందు ఆధార్ కేంద్రానికి అమ్మగారిని తీసుకెళ్లి మీ నంబరు ఎక్కించండి. కాగితాలు ఏవీ అడగరు, రుసుము రూ.75. వేళ్లు పడకపోతే కనుపాప తీసుకుంటారు, భయపడకండి. ఖాతాలో నంబరు వేరుగా బ్యాంకులో మార్పించాలి. ఒకటి మారిస్తే రెండోది తనంతట తాను మారదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

విజయనగరం విశ్రాంత గుమాస్తా

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేశాను. "మీరే తీసి మరచిపోయి ఉంటారు" అన్న మాట నేనూ అన్నాను, అందువల్ల దాని విలువ నాకు తెలుసు. నా మొదటి శాఖలో ఒక ముసలాయన తన ఖాతాలో డబ్బు తక్కువైందని వస్తే ఇదే మాట చెప్పి, నమ్మించడానికి రికార్డు గదిలోంచి వోచరు తెప్పించాను. వోచరు మీద ఎడమ బొటనవేలి ముద్ర చక్కగా ఉంది. ఆయనకు ఎడమ బొటనవేలు లేదు. చెరకు గానుగలో ఎప్పుడో పోయింది.

సరే, మీ పని. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఒకటి ఉంది, ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద. అందులో మీకు కావలసిన వాక్యం ఇది: తప్పు ఖాతాదారుదని నిరూపించవలసిన భారం బ్యాంకుది. "మరచిపోయి ఉంటారు" అన్నది రుజువు కాదు.

గడువుల విషయం. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో ఎక్కడో జరిగితే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి ఏ నష్టమూ ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత నష్టం ఖాతాదారు భరించాలి, మామూలు పొదుపు ఖాతాకు అది రూ.10,000 మించకూడదు. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం. లెక్క సమాచారం అందిన నాటి నుంచి మొదలు. "సందేశం పంపాం" అని వాళ్లంటారు, "అందలేదు" అని మీరంటారు. నంబరు మార్పించకపోవడం మీ వైపు బలహీనత. దాన్ని దాచకండి, దాచినా రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అయితే అదే సర్క్యులర్లో, మోసం గాని నిర్లక్ష్యం గాని బ్యాంకు వైపు ఉంటే ఖాతాదారు ఎప్పుడు చెప్పారన్నదానితో నిమిత్తం లేదు, ఆమె మీద పైసా భారం పడదు అని కూడా ఉంది. బ్యాంకు మిత్ర ఎవరు? బ్యాంకు ఏజెంటు. ఏజెంటు చేసినదానికి నియమించిన బ్యాంకు జవాబు చెప్పాలి. బొబ్బిలి ఆయన ఊహించినట్టు జరిగి ఉంటే మీ ఫిర్యాదు కాలు మోపవలసిన చోటు అదే. ఆ యంత్రం మీ బ్యాంకుదా, వేరే బ్యాంకు ఏజెంటుదా అన్నది ముందు రాతపూర్వకంగా రాబట్టండి.

తెల్ల కాగితం మీద రాయండి. మూడు తేదీలు, మూడు మొత్తాలు, పాసుపుస్తకంలో పడిన లావాదేవీ సంఖ్యలు. ఏ యంత్రం, ఏ నిర్వాహకుడు, ఏ ఊరు, ఈ వివరాలు ఇవ్వమని అడగండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి సందేహిస్తే అక్కడే కూర్చోండి, మధ్యాహ్నం భోజన వేళకు వేస్తారు. కోపం మాత్రం రాయకండి. "తాను తానేనని రుజువు చేసుకోలేని మనిషి" అన్న మీ వాక్యం చాలా బాగుంది. ఫిర్యాదులో వద్దు.

ఈ రోజే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఆ నంబరు ఉన్నది మొదటి గంటల్లో డబ్బు ఆపడానికి. మీకు ఆలస్యమైంది, నిజమే. అయినా ఫిర్యాదు సంఖ్య చేతిలో ఉండాలి. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఎలా పంపాలో తెలియకపోతే 14448కి ఫోను చేస్తే చెబుతారు.

సోంపేట మాస్టారు

అందరూ యంత్రం మీద పడ్డారు, నేను ఒక్కణ్ని కాస్త ఎదురు చెబుతాను. పింఛను రూ.75 ఉన్న రోజులు నాకు గుర్తున్నాయి. పంచాయతీ అరుగు మీద పంచేవారు. జాబితాలో చనిపోయినవాళ్ల పేర్ల ఎదుట కూడా వేలిముద్రలు పడేవి. బతికున్నవాళ్లు ఐదో పదో వదులుకుని మిగిలింది కొంగున కట్టుకునేవారు, అదీ ఏ నెలది ఏ నెలకు వస్తుందో తెలియదు. ఈ రోజు ఒకటో తారీకున ఇంటికి రూ.4,000 వస్తోందంటే అందులో ఈ యంత్రానికి కూడా పాత్ర ఉంది.

అలాగని దానికి దండం పెట్టమనడం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. ఉద్దానంలో తరాలుగా ఉన్న కొబ్బరితోటలు ఒక్క పూటలో పడుకున్నాయి. వాటితో పాటు కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు. మా వీధికి పన్నెండు రోజులు కరెంటు లేదు. నా దగ్గర రెండు ఏటీఎం కార్డులు ఉన్నాయి, జేబులో నలభై రూపాయలు ఉన్నాయి. బియ్యం డబ్బా అడుగున మా ఆవిడ దాచిన మూడు వేల రెండు వందలు ఆ రోజుల్లో నాలుగు ఇళ్లను నడిపించాయి. నగదు లేకుండా బతకడం గురించి నేను పిల్లలకు వ్యాసం రాయించిన సంగతి ఆవిడ నెలకొకసారి గుర్తుచేస్తుంది.

మీ బావగారికి, చిన్నాన్నగారికి ఒక మాట. వాలంటీర్లు 2019లో వచ్చారు. ఇప్పుడు సచివాలయం వాళ్లు తెస్తున్నారు. ఎవరు తెచ్చినా వేలు అదే, యంత్రం అదే, ముసలిమనిషికి కనపడని తెర అదే. 2025 జనవరి 30న వాట్సాప్‌లో ప్రభుత్వ సేవల కోసం మన మిత్ర మొదలైంది. నేనూ ఒక ధ్రువపత్రానికి వాడాను, ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పింది. చదువొచ్చినవాడికి అన్నీ బాగానే ఉంటాయి. తెరను ముసలివాళ్ల వైపు తిప్పుతామని ఏ పార్టీ అయినా చెబితే నా ఓటు ఆ పార్టీకి.

చీపురుపల్లి కుర్రాడు

మాస్టారూ, రూ.75 రోజుల్లో తిన్నవాడు మన ఊరివాడే. పేరు తెలుసు, పండగకు ఎదురుపడతాడు, నలుగురిలో నిలబెట్టి తిట్టవచ్చు.

సోంపేట మాస్టారు

తిట్టాం బాబూ. డబ్బు రాలేదు.

బొబ్బిలి బ్యాంకు మిత్ర

తాళం గురించి చెప్పడం మరిచాను. ఆధార్‌లో బయోమెట్రిక్ తాళం వేస్తే వేలు ఒక్కటే కాదు, కనుపాప, ముఖం కూడా ఆగిపోతాయి. అంటే సచివాలయం అమ్మాయి ముఖం ఫొటోతో గట్టెక్కించడం కూడా కుదరదు. యంత్రంలో 330 అని పొరపాటు సంఖ్య వస్తుంది. కానీ తాత్కాలికంగా తీయవచ్చు. ఆధార్ యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని ఓటీపీతో తీస్తే పది నిమిషాలు తెరిచి ఉండి, తర్వాత తనంతట తానే మళ్లీ తాళం పడుతుంది. నంబరు మీది అయితే మీరు శ్రీకాకుళంలో కూర్చునే తీయవచ్చు. ఒకటో తారీకు పొద్దున ఫోను దగ్గర పెట్టుకోండి, అంతే.

తాళం వద్దనుకుంటే ఇంకొక దారి. ఖాతాకు ఆధార్ నగదు సదుపాయం ఒక్కటే ఆపమని బ్యాంకును అడగండి. చాలా బ్యాంకులు చేస్తున్నాయి. అప్పుడు పింఛనుకు ఏ ఇబ్బందీ ఉండదు.

అమ్మగారికి ఇంకొకటి నేర్పండి, రశీదు అడగడం. పడకపోతే ఎందుకు పడలేదో తెర మీద వస్తుంది. నా దగ్గరున్న యంత్రంలో విఫలమైన లావాదేవీకి కూడా చీటీ వస్తుంది.

ఉద్దానం అమ్మాయి

నెల దాటింది. సమాధానాలు ఇచ్చినవాళ్లకు ఏం జరిగిందో చెప్పడం బాకీ.

బొబ్బిలి అన్నయ్య చెప్పిన ప్రశ్న ఆ రాత్రే ఫోనులో అడిగాను. "బ్యాంకు పని కాదమ్మా, దేనికైనా వేలు పెట్టావా?" అంటే, "రేషన్ కార్డుకు పెట్టాను కదా" అంది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. రామమందిరం అరుగు మీద ఒకతను టాబ్ పెట్టుకుని కూర్చున్నాడట. మెడలో కార్డు ఉందట. రేషన్ కార్డుకు ఈకేవైసీ చేయాలి, లేకపోతే బియ్యం ఆగిపోతాయి అన్నాడట. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పించుకున్నాడు. వేలు పెట్టించాడు. పడలేదన్నాడు. మర్నాడు రమ్మన్నాడు. మర్నాడూ పడలేదన్నాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చి, పాపం తనే ఇంటికి వెతుక్కుంటూ వచ్చి, ఇంకొకసారి ప్రయత్నించాడు. మూడోసారి అమ్మ అతనికి పనస తొనలు కూడా పెట్టింది. తన వల్ల అతనికి ఇంత శ్రమ కలిగిందని బాధపడిందట.

"పడలేదంటే అనుమానం రాలేదా?" అని అరిచాను. "నాకెప్పుడు పడింది గనక!" అంది.

ఆధార్ కేంద్రంలో నంబరు మార్చడానికి ఒక రోజు పని మానుకోవలసి వచ్చింది. అక్కడా వేళ్లు పడలేదు, కనుపాపతో అయింది. నంబరు ఎక్కిన రోజే చరిత్ర తెరిచి చూశాను. ఒకటో తారీకు దగ్గర వేలు విఫలం, విఫలం, విఫలం, తర్వాత ముఖం సఫలం. రామమందిరం మొదటి రోజు ఉదయం 11:14కు విఫలం, 11:15కు విఫలం, 11:17కు సఫలం. పాసుపుస్తకంలో మొదటి పది వేలు ఆ తేదీదే. మిగతా రెండు రోజులూ అలాగే సరిపోయాయి. ఎవడో రబ్బరుతో చేసిన వేలు కాదు. మా అమ్మ వేలే. పడిన ఆ మూడు రోజులూ పడలేదని చెప్పారు, అంతే.

గుమాస్తా గారూ, కోపం లేకుండా రాయడానికి నాలుగు కాగితాలు చించాను. ఐదోదాని మీద ముద్ర పడింది, మీరన్నట్టు భోజన వేళకే. 1930 ఫిర్యాదు సంఖ్య కూడా అందులో రాశాను. యంత్రం వేరే బ్యాంకు ఏజెంటుదని రాతపూర్వకంగా ఇచ్చారు. డబ్బు ఇంకా రాలేదు. ముప్పై రోజులు నిండడానికి ఆరు రోజులు ఉంది, అంబుడ్స్‌మన్‌కు పంపవలసింది రాసి పెట్టుకున్నాను.

అమ్మతో పాటు పిక్కలు కొట్టినవాళ్లు మా వీధిలో ఇంకో ఐదుగురు ఉన్నారు. వాళ్ల పాసుపుస్తకాలు కూడా పోగుచేసి ఎంట్రీలు వేయించాం. ఇద్దరివి ఇలాగే ఉన్నాయి. ఒకావిడ ఇంట్లో చెప్పడానికి భయపడి, మాతో కూడా పుస్తకం పోయిందని చెప్పింది. మూడో రోజు తనే తెచ్చి ఇచ్చింది. ఆ ఇద్దరి ఫిర్యాదులు పట్టుకుని బావ, చిన్నాన్న ఒకే బండి మీద శాఖకు వెళ్లారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

తాళం వేశాను. మొన్న ఒకటో తారీకు పొద్దున ఆరున్నరకు ఎదురింటి కోడలు ఫోను నుంచి పిలుపు వచ్చింది, "వచ్చింది, తియ్యి" అని. తీశాను. పది నిమిషాలు. వింటున్నాను. బొటనవేలు పెట్టినట్టుంది, సచివాలయం అమ్మాయి "పడలేదు మామ్మా" అంది.

"నువ్వు చెప్పకు. ఇటు తిప్పు" అంది అమ్మ.

అమ్మకు చదువు రాదు. ఆ అమ్మాయి నవ్వుతూ ఫోను తిప్పిందట. అమ్మ దాన్ని ఎదురింటి కోడలికి చూపించి, "ఏం రాసుందో గట్టిగా చదువు" అంది.